స్ప్రింగు కూసున్నది

రిటైరైనవాళ్లను ఉద్యోగం గురించి రాయమంటే ఏం రాస్తారో నాకు తెలుసు. తాము లేకపోతే కంపెనీ ఎప్పుడో మూతపడేదని రాస్తారు. నేను ఉండి కూడా ఒక వర్క్‌షాపు ఎట్లా నవ్వులపాలైందో, అందులో నా చెయ్యి ఎంత ఉందో రాస్తాను. కొత్తగా పనిలో చేరిన పిల్లలు ఒకసారి చదవండి. మెడలో కార్డు వేలాడేసుకుని తిరిగేవాళ్లు రెండుసార్లు చదవండి.

సూరత్‌లో మన తెలుగువాళ్ల పని అంటే మగ్గాలే. నేనూ ఆ దారినే వచ్చాను. ఇరవై ఏళ్లకు పైగా పవర్‌లూమ్‌ల మధ్య నిలబడ్డాను. చెవుల్లో సగం శక్తి ఆ చప్పుడుకే పోయింది. మగ్గాలు బాగుచేయడం నేర్చుకున్నాను. యాభై దగ్గరపడుతుండగా కడోదరా హైవే పక్కన ఒక వర్క్‌షాపులో చేరాను. అక్కడ వ్యాన్లకు సీట్లు బిగిస్తారు. మామూలు సీట్లు కావు, తీసి పెట్టుకునే సీట్లు.

ఎందుకు తీసి పెట్టుకోవాలంటే, ఇక్కడి చీరల వ్యాపారులకు ఒకే బండి రెండు పనులు చేయాలి. పొద్దున అమ్రోలి లాంటి చోట్ల నుంచి ఆడవాళ్లను ఎక్కించుకొచ్చి కడోదరాలో దింపాలి. వాళ్లు రోజంతా చీరలకు లేసు కుడతారు, రాళ్లు అతికిస్తారు. వాళ్లు దిగగానే సీట్లు పీకేసి అదే బండిలో చీరల మూటలు వేసుకుని మార్కెట్‌కు పోవాలి. సాయంత్రం సీట్లు మళ్లీ పెట్టి ఆడవాళ్లను ఇళ్లకు చేర్చాలి. మూటలు జారకుండా నాలుగు తాళ్లు కట్టి పైన టార్పాలిన్ కప్పుతారు. మనుషులు కూర్చునే సీటుకు మాత్రం ఒక పిన్ను. వ్యాపారి దృష్టిలో ఏది సరుకో, ఏది కాదో ఆ బండి వెనక తలుపు తీసి చూస్తే తెలిసిపోయేది.

ఆ పిన్ను సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. వ్యాన్ నేలకు రెండు ఇనుప రైళ్లు బిగించి ఉంటాయి. సీటు కాళ్లకు కొక్కేలు ఉంటాయి. వాటిని రైలులో చేసిన ఖాళీల్లో దింపి సీటును వెనక్కి జరిపితే, కొక్కేలు రైలు పెదవి కిందికి దూరి పట్టుకుంటాయి. అప్పుడు వెనక కాలి దగ్గరున్న పిన్ను స్ప్రింగు తోపుకు టక్కుమని ఒక రంధ్రంలో పడుతుంది. కాళ్లు చాపుకోవాలంటే పక్క రంధ్రంలో వేసుకోవచ్చు. సీటు తీయాలంటే హ్యాండిల్ లాగి, ముందుకు జరిపి, లేపేయడమే. వినడానికి బాగుంది కదా? ఇప్పుడు చెప్పండి, బండి బ్రేకు వేస్తే మనుషులు ఎటు తూలుతారు? ముందుకు. ఈ సీటు ఊడే దిక్కేది? అదీ ముందుకే. మధ్యలో అడ్డం ఉన్నది చిటికెన వేలంత పిన్ను, దాన్ని నొక్కిపట్టే ఒక స్ప్రింగు.

ఈ మాట ఒకసారి మా ఇంజనీరు సాబ్‌ను అడిగాను. ఆయన లాప్‌టాప్ నా వైపు తిప్పాడు. అందులో మా సీటు ఎరుపు, పచ్చ, నీలం రంగుల్లో గిరగిరా తిరుగుతోంది. "దేఖో, సబ్ గ్రీన్ హై" అన్నాడు. పచ్చగా ఉంటే క్షేమమట. రంగు చూసి మనుషుల ప్రాణాలకు హామీ ఇచ్చే విద్య అది. నాకు రాదనుకున్నాను. నేను రోజూ చేస్తున్నదీ అదేనని అప్పటికి తోచలేదు.

ఇక పరీక్ష. సీటు గట్టిదా కాదా అని చూడటానికి మా దగ్గర ఉన్న పద్ధతి ఒక్కటే, కూర్చోవడం. ముందు సేఠ్ వచ్చి కూర్చునేవాడు. మంచి బరువైన మనిషి. కూర్చున్నచోటే రెండుసార్లు ఎగిరి "జుఓ, కశుం నథీ" అనేవాడు, చూడండి, ఏమీ కాలేదు అని. తర్వాత కొనేవాళ్లు కూర్చునేవారు. వాళ్లు కూడా ఎగిరేవారు. అందరూ తృప్తిగా చాయ్ తాగేవారు. ఆగి ఉన్న బండిలో మనిషి కూర్చుంటే ఏ సీటు మాత్రం ఎందుకు ఊడుతుంది? నాలుగు ఇటుకల మీద పలక వేసి కూర్చున్నా పాసయ్యేది. ఇన్నేళ్లలో ఒక్క సీటును పట్టుకుని ముందుకు లాగి చూసినవాడు లేడు, నాతో సహా.

నేను చెకింగ్‌లో ఉండేవాణ్ణి. నీలం కోటు, మెడలో కార్డు, చేతిలో పసుపు రంగు డబ్బా, ఒక కుంచె. సీటు సరిగ్గా బిగిసిందని చూసి పిన్ను పక్కన పసుపు చుక్క పెట్టడం నా పని. చుక్క లేని బండి గేటు దాటకూడదు. మగ్గాల దగ్గర నన్ను "ఏయ్" అని పిలిచిన ఊళ్లోనే ఇక్కడ "చెకింగ్ సాబ్" అంటుంటే నాకు ఒళ్లు తెలియలేదు. మనవాళ్లతో కూడా హిందీలో మాట్లాడటం మొదలుపెట్టాను. ఇంటికెళ్లి కూడా అదే ధోరణి. నా భార్య "ముందుగాల గా కోటు ఇడువు, అటెన్క మాట్లాడు" అనేది.

ఫిట్టర్లలో ఒకతను మన కరీంనగర్ వైపువాడు. అమ్రోలిలో ఉండేవాడు. అతనూ మగ్గాల నుంచి వచ్చినవాడే. నేను తమ్మీ అనేవాణ్ణి, అతను అన్నా అనేవాడు. ఆ షెడ్డులో నన్ను సాబ్ అనని మనిషి అతనొక్కడే. దానికి నాకు లోపల కాస్త మంటగా ఉండేదని ఇప్పుడు ఒప్పుకోవడానికి అభ్యంతరం లేదు. పని నెమ్మది. ప్రతి స్ప్రింగునూ బిగించే ముందు బొటనవేలితో నొక్కి, అది తిరిగి తోస్తోందో లేదో చూసేవాడు. ఆ పని నాది. నేను కుంచె కడుక్కుంటూ ఉండేవాణ్ణి.

మాటలు కూడా చాలా తక్కువ. అది మగ్గాల షెడ్డు నుంచి వచ్చిన అలవాటు. ఆ చప్పుడులో ఎవరూ వాక్యాలు మాట్లాడరు. ఒక మాట, ఒక చేతి సైగ, అంతే. మగ్గంలో దారం మోసుకుని అటూ ఇటూ పరుగెత్తే నాడెను కొట్టే కర్రను వెనక్కి లాగడానికి ఒక స్ప్రింగు ఉంటుంది. అది బలం పోయి అణిగిపోతే "స్ప్రింగు కూసున్నది" అంటాం. అరచేయి కిందికి నొక్కి చూపిస్తాం. గిరాకీ పడిపోతే మార్కెట్ కూసున్నది. పని లేక ఆగిపోతే మగ్గం కూసున్నది. హిందీవాళ్లు "బైఠ్ గయా" అన్నా, గుజరాతీలు "బేసీ గయుం" అన్నా మగ్గాల దగ్గర అది చెడ్డ కబురే. ఇరవై ఏళ్లు నేను ఆ మాట విని పరుగెత్తినవాణ్ణి.

సీట్ల వర్క్‌షాపులో అదే మాట శుభవార్త. పిన్ను రంధ్రంలో పడితే "బైఠ్ గయా". కొక్కెం రైలులో దిగితే "బైఠ్ గయా". బోల్టు బిగిస్తే "బైఠ్ గయా". రోజంతా ఆ మాట వినపడుతూనే ఉండేది. విన్నచోటల్లా నేను చుక్క పెడుతూ పోయేవాణ్ణి. నాలుగేళ్లలో నా చెవికి ఆ మాట పాత అర్థం పూర్తిగా పోయింది.

కొత్త లాటు స్ప్రింగులు వచ్చిన వారం అది. పాతవాటికన్నా తీగ సన్నం. ఎందుకు మార్చారో సేఠ్‌కే తెలియాలి. మధ్యాహ్నం ఒక తెల్ల వ్యాన్‌లో చివరి సీటు బిగిస్తూ తమ్మి నన్ను పిలిచాడు. కంప్రెసర్ నడుస్తోంది. నేను పక్క వ్యాన్ దగ్గర ఉన్నాను.

"అన్నా, గీ ఎనుక సీటు స్ప్రింగు కూసున్నది" అన్నాడు, అరచేయి కిందికి నొక్కుతూ.

"కూసున్నదా?"

"కూసున్నది. జర చూడు."

"షాబాష్" అన్నాను.

అవును, షాబాష్ అన్నాను. వచ్చి చూశాను. పిన్ను కొస రంధ్రంలో కనిపిస్తోంది. నేనూ ఒకసారి ఆ సీటు మీద కూర్చుని లేచి, పసుపు చుక్క పెట్టాను. తమ్మి నా మొహం వంక చూశాడు. ఏదో అనబోయి ఆగాడు. మగ్గాల మీద ఇరవై ఏళ్లు చేసిన అన్నకు స్ప్రింగు గురించి తను చెప్పేదేముంది, ఇది చాలని తేల్చుకుని ఉంటాడు అనుకున్నాడట.

రెండు వారాల తర్వాత, పొద్దున పనికి వచ్చే వేళ, కడోదరా చౌరస్తా దగ్గర ఆ వ్యాన్‌కు ఒక టెంపో అడ్డం తిరిగింది. డ్రైవరు బ్రేకు వేశాడు. వ్యాన్‌కు గీత పడలేదు, టెంపోకూ పడలేదు. వెనక సీటు మాత్రం ముగ్గురు ఆడవాళ్లతో సహా ఊడి వెళ్లి ముందు సీటుకు కొట్టుకుంది. ఇద్దరు దెబ్బలతో బయటపడ్డారు. మూడో ఆమెకు కుడి మణికట్టు విరిగింది. ఆమె చీరలకు రాళ్లు అతికించే మనిషి. ఆ చెయ్యి లేకపోతే ఆమెకు పని లేదు. ఆమె తెలుగామె, తమ్మి ఉండే గల్లీలోనే, రెండిళ్ల అవతల ఉండేది.

మర్నాడు సేఠ్ క్యాబిన్‌లో విచారణ. సేఠ్, ఇంజనీరు సాబ్, నేను, తమ్మి. సేఠ్ ముందున్న చిక్కు చాలా సులువైనది. తప్పు మనిషిదైతే మనిషిని తీసేస్తే సరిపోతుంది. తప్పు స్ప్రింగుదైతే అవే స్ప్రింగులతో బయటికి పోయిన పదకొండు బండ్లనూ వెనక్కి పిలవాలి. పిలిస్తే ఊరంతా తెలుస్తుంది. ఈ రెండింట్లో సేఠ్‌కు ఏది నచ్చుతుందో క్యాబిన్ తలుపు తీయకముందే నాకు తెలుసు.

"ఫిట్టింగ్ కిస్నే కియా?" అన్నాడు సేఠ్, బిగించింది ఎవరని.

"మైనే కియా సేఠ్. మగర్ మై బోలా థా" అన్నాడు తమ్మి, బిగించింది తనే గానీ ముందే చెప్పానని.

"క్యా బోలా థా?"

"స్ప్రింగ్ బైఠ్ గయా, అని చెకింగ్ కో బోలా."

ఇంజనీరు సాబ్ మొహం వెలిగిపోయింది. "బైఠ్ గయా బోలా? మత్లబ్ ఠీక్ హై బోలా!" అన్నాడు. సేఠ్ బల్ల మీద చరిచాడు. "బరాబర్! బేసీ గయుం ఎటలే ఫిట్ థఈ గయుం" అన్నాడు. కూర్చుందంటే సరిగ్గా బిగిసిందనే కదా, తన నోటితో తనే సరిగ్గా ఉందని చెప్పాడు కదా అని. పాపం తమ్మి, ప్రమాదం ఉందని చెప్పిన మాటనే ఇద్దరు చదువుకున్నవాళ్లు కలిసి అతని మెడకు చుట్టేశారు. అంత చురుగ్గా వాళ్లు ఏ పనీ చేయగా నేను చూడలేదు.

తమ్మి నా వైపు తిరిగాడు.

"అన్నా, నువ్వు చెప్పరాదా. స్ప్రింగు కూసున్నదంటె ఏంది? నీకెర్క లేదా?"

నాకు అప్పుడు తెలిసింది. ఆ అరచేయి, ఆ నొక్కడం, 'జర చూడు' అనడం, అన్నీ ఒక్కసారి కళ్ల ముందుకొచ్చాయి. నోరు తెరిస్తే ఆ చుక్క నాది అవుతుంది. కోటు పోతుంది, కార్డు పోతుంది. నేను గోడ మీది క్యాలెండర్ చూస్తూ "హా సేఠ్, బైఠ్ గయా హీ బోలా థా" అన్నాను, కూర్చుందనే అన్నాడని.

ఇంజనీరు సాబ్ గుజరాతీలో ఒక కాగితం టైపు చేసి తెచ్చాడు. ఫిట్టరు స్ప్రింగు బేసీ గయుం అని చెకింగ్‌కు తెలియజేశాడు, ఆ మాట విని చెకింగ్ ఆమోదించింది అని ఉంది. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఇంతకాలానికి కూడా ఆ కాగితం తలుచుకుంటే నాకు అసహ్యం వేసేది అందుకే. తమ్మికి గుజరాతీ చదవడం రాదు. నాకు వచ్చు. చదివి, సంతకం పెట్టాను.

తమ్మిని ఆ పూటే పనిలోంచి తీసేశారు. టిఫిన్ డబ్బా తీసుకున్నాడు. తన సొంత పానాలు, సుత్తి గుడ్డలో చుట్టుకున్నాడు. గేటు దగ్గర ఆగి, నన్ను పిలిచి, ఒక్క మాట చెప్పాడు.

"అన్నా, కడమ బండ్లల గూడ గవ్వే స్ప్రింగులున్నయి. జర చూడు."

తనను పనిలోంచి తోసినవాడికి కూడా ఆ మనిషి చెప్పిపోయింది అది. నేను చూశానా? చూడలేదు. నాలుగు రోజులు కుంచె కడుక్కున్నాను. చూస్తే ఏం కనబడుతుందో తెలుసు కాబట్టి చూడలేదు. ఈలోపు అమ్రోలి కబురు మా ఇంటికి కూడా చేరింది. ఆ గల్లీలో తమ్మిని అందరూ ఆమె చెయ్యి విరగ్గొట్టినవాడని అంటున్నారట, అతని భార్య బోరింగు దగ్గరికి వెళ్తే పక్కకు జరుగుతున్నారట. నా భార్య నన్ను నిలదీసింది.

"నువ్వు ఆడ ఏం జెప్పినవ్?"

"ఉన్నదే చెప్పిన."

"ఉన్నది చెప్పొచ్చినోని మొఖం గిట్లుంటదా?" అంది. నేను అన్నం సగంలో వదిలి లేచాను.

ఐదో రోజు మధ్యాహ్నం ఒక వ్యాన్ వచ్చింది. మేము సీట్లు బిగించిన బండే. డ్రైవరు దిగి "చెకింగ్ సాబ్, పీఛే కీ సీట్ కడ్‌కడ్ కర్తీ హై. జల్దీ దేఖో, లేడీస్ కో ఛోడ్‌నే జానా హై" అన్నాడు. వెనక సీటు శబ్దం చేస్తోందట, తొందరగా చూడమంటున్నాడు, ఆడవాళ్లను ఇళ్లకు దింపాలి. నేను వంగి చూశాను. తమ్మిలాగా స్ప్రింగు మీద బొటనవేలు పెట్టి నొక్కాను. అది నొక్కినచోటే ఉండిపోయింది, తిరిగి తోయలేదు. పిన్ను కొస మాత్రం రంధ్రం అంచున ఆని ఉంది. పక్కనే నా పసుపు చుక్క ఇంకా మెరుస్తోంది. ఇంకో గంటలో ఆ సీటు మీద ముగ్గురు కూర్చుంటారు.

అప్పుడు మాత్రం నాకు కోపం వచ్చింది. ధైర్యం అని రాసుకోవాలని ఉంది గానీ అది కోపమే, సగం నా మీద, సగం ఆ షెడ్డు మీద. అరిచి అందర్నీ పిలిచాను. సేఠ్ వచ్చాడు, ఇంజనీరు సాబ్ లాప్‌టాప్ చంకలో పెట్టుకుని వచ్చాడు, ఫిట్టర్లంతా చేరారు.

"సేఠ్, ఇస్ కా భీ స్ప్రింగ్ బైఠ్ గయా" అన్నాను, దీని స్ప్రింగు కూడా అంతేనని.

"అచ్ఛా హై నా!" అన్నాడు సేఠ్. మంచిదే కదా అని.

ఇక ఆ మనిషికి మాటలతో చెప్పి లాభం లేదు. సేఠ్ కూడా తన పద్ధతిలోనే తేల్చేద్దామనుకుని వ్యాన్ ఎక్కి వెనక సీటులో కూర్చున్నాడు. రెండుసార్లు ఎగిరాడు. "జుఓ, కశుం నథీ!" అన్నాడు. ఇంజనీరు సాబ్ తల ఊపాడు. నేను ముందు తలుపు దగ్గరికి వెళ్లి డ్రైవరుతో "ధీరే చలాఓ, గేట్ తక్. ఫిర్ బ్రేక్ మారో" అన్నాను. సేఠ్‌ను దిగమని చెప్పాలి. చెప్పలేదు. ఆ తప్పు గురించి మాత్రం నేను ఎన్నడూ బాధపడలేదు.

వ్యాన్ నడిచే మనిషి వేగంతో గేటు దాకా వెళ్లింది. డ్రైవరు బ్రేకు తొక్కాడు. కడ్‌మని ఒక శబ్దం. పిన్ను లేచింది, కొక్కేలు వదిలాయి, సేఠ్ సీటుతో సహా ముందుకు జారి, సీటు ఒక పక్కకు ఒరిగి, ఆయన రెండు సీట్ల మధ్య నేల మీద చతికిలపడ్డాడు. కాళ్లు పైకి, కళ్లజోడు మెడలోకి. ఎక్కడా దెబ్బ తగలలేదు. వెనక ఫిట్టర్లలో ఎవడో గట్టిగా అరిచాడు.

"సేఠ్ బైఠ్ గయా!"

షెడ్డంతా పగలబడి నవ్వింది. ఆ రోజు ఆ మాటకు అర్థం ఏమిటని ఎవరూ ఎవర్నీ అడగలేదు. ఒకడు అప్పటికే ఫోన్‌లో వీడియో తీశాడు. సాయంత్రానికల్లా అది కడోదరాలో తిరగని గ్రూపు లేదు. మణికట్టు విరిగిన ఆమె కోసం కదలని సేఠ్, తను నేల మీద పడ్డ ఆ నిమిషం తర్వాత ఎంత చురుకైనవాడయ్యాడో చూసి తీరాలి. వ్యాన్‌లో ఉండగానే ఫోన్ తీసి మిగతా బండ్లన్నిటినీ వెనక్కి పిలిచాడు. ఆ వ్యాన్‌కు పాత రకం స్ప్రింగు వేసి, సీటును ఇద్దరం పట్టుకుని ముందుకు లాగి చూసి, అప్పుడు పంపాం. ఆడవాళ్లు కొంచెం ఆలస్యంగా ఇళ్లకు చేరారు.

తర్వాత జరగాల్సినవన్నీ జరిగాయి, అంటే మా దగ్గర జరిగే పద్ధతిలో. ఇంజనీరు సాబ్ కొక్కేల దిక్కు తిప్పేసి, బ్రేకు వేస్తే ఇంకా బిగిసేలా చేశాడు. నేను అడిగింది అదే. అది తన కొత్త ఆలోచన అని చెప్పుకున్నాడు. లాప్‌టాప్‌లో బొమ్మ ముందూ పచ్చగానే ఉంది, తర్వాతా పచ్చగానే ఉంది. మంచినీళ్ల దగ్గర గోడకు మూడు భాషల్లో ఒక నోటీసు అంటించారు, పని వేళల్లో 'బైఠ్ గయా' అనే మాట వాడకూడదని. తెలుగులో తప్పులతో రాశారు. మా వర్క్‌షాపు దృష్టిలో నేరం ఆ మాటదే.

నేను నా చేత్తో గుజరాతీలో ఇంకో కాగితం రాసిచ్చాను. స్ప్రింగు కూసున్నది అంటే స్ప్రింగు పాడైందని అర్థమనీ, ఫిట్టరు ముందే హెచ్చరించాడనీ, ఆ సంగతి తెలిసి కూడా విచారణలో నేను చెప్పలేదనీ రాశాను. సేఠ్ చదివి, ఫైలులో మొదటి కాగితం వెనక పెట్టాడు. నన్ను చెకింగ్ నుంచి తీసి స్టోరులో వేశాడు. పోయిన ఏడాది రిటైరయ్యేదాకా బోల్టులు డబ్బాల్లో సర్దుకుంటూ గడిపాను. కోటు మాత్రం అడగలేదు, అది ఇప్పటికీ మా ఇంట్లో తలుపు వెనక వేలాడుతోంది.

తమ్మిని మళ్లీ రమ్మన్నాడు సేఠ్. ఆ కబురు పట్టుకుని, నేను రాసిన కాగితాన్నే తెలుగులో రాసి జేబులో పెట్టుకుని ఆదివారం అమ్రోలి వెళ్లాను. గల్లీ మొదట్లోనే గడప మీద ఆమె కనిపించింది. కుడి చేతికి కట్టు, ఎడమ చేత్తో చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. చుట్టుపక్కల నలుగురు వినాలనే గట్టిగా చెప్పాను.

"అక్కా, తమ్మిది తప్పు లేదు. స్ప్రింగు మంచిగ లేదని ఆయన ముందుగాలనే చెప్పిండు. ఇనకుండ చుక్క పెట్టింది నేను."

ఆమె తలెత్తి నన్ను చూసింది.

"ఏ చెయ్యితోటి పెట్టినవ్?" అంది.

నేను కుడి చెయ్యి చూపించాను. ఆమె ఆ చేతిని కాసేపు చూసి, మళ్లీ చిక్కుడుకాయల మీదికి వంగింది. నేను రెండిళ్లు దాటి తమ్మి ఇంటికి వెళ్లాను.

తమ్మి ఇంట్లోనే ఉన్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. నేను అంతా చెప్పాను, వ్యాన్ సంగతి, సేఠ్ సంగతి, కాగితం సంగతి. కాగితం ఇచ్చాను. ఇది తెలుగులో ఉంది, మొత్తం చదివాడు. మడిచి దేవుడి పటాల వెనక పెట్టాడు.

"సేఠ్ మల్ల రమ్మంటుండు తమ్మీ" అన్నాను.

"వద్దన్నా. మగ్గాల మీదికి పోతున్న. ఆడ కూసున్నదంటె అందరికి సమజైతది" అన్నాడు. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

"బండ్లన్నీ చూసినవా?" అని అడిగాడు.

"పదకొండూ చూసిన. లాగి చూసిన."

"మంచిది" అన్నాడు.

అతని భార్య లోటాతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. గోడవారగా ఒక ప్లాస్టిక్ కుర్చీ ఉంది, దాని మీద ఏమీ లేదు. మన ఇళ్లల్లో ఎవరు గడప దాటి వచ్చినా, ముక్కూ మొహం తెలియనివాడు వచ్చినా, నీళ్లకన్నా ముందు అనే మాట ఒకటుంది. నేను కుర్చీ వంక చూశాను. తమ్మి కూడా చూశాడు.

కూసో అన్నా, అని అతను అనలేదు. నేను నిలబడే నీళ్లు తాగి, లోటా ఇచ్చి, వచ్చేశాను.